కట్టలో లేదన్న కథ

మీతో ఒక మాట చెప్పుకోవాలి. చాలా ఏళ్లుగా దాన్ని మోస్తున్నాను. సభలకు వెళ్లినప్పుడు మోశాను. నా భుజాల మీద శాలువా కప్పుతున్నప్పుడు అది నా గొంతులోనే ఉంది. మాట్లాడమంటే దాని పక్కనుంచే వేరే మాటలు మాట్లాడాను. ఎవరికీ కనబడలేదు. మంచివాడిలా కనబడటం నాకు బాగా అలవాటు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. పత్రిక పేరు కూడా మార్చాను. మా జిల్లా వాళ్లు గుర్తుపడితే పట్టనివ్వండి.

ఒక మనిషిని, ఆమెకు మతి పోతోందని నమ్మించాను. లోకాన్నే కాదు, ఆమెనే నమ్మించాను. ఆమెకు మతి పోలేదు. చివరి రోజు దాకా పోలేదు.

ఆమె పేరు వరహాలమ్మ అనుకోండి. కోటబొమ్మాళి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. భర్త సూర్యారావు గారు రైల్వేలో పనిచేసినాయన. పిల్లలు లేరు. ఉన్నదల్లా పత్రిక. మూడు నెలలకోసారి వచ్చేది. మా వైపు చిన్న వాగును గెడ్డ అంటాం. ఆ పత్రిక పేరు ‘ఊటగెడ్డ’ అనుకుందాం. అందులో పేరున్నవాళ్లు తక్కువ. కాంపౌండర్లు, కండక్టర్లు, చిన్న బళ్లలో పంతుళ్లు, పొలం చేసుకునేవాళ్లు రాసేవారు. వాళ్ల వాక్యాలను ఆమె తన చేత్తో సరిదిద్దేవారు. సరిదిద్దాక కూడా అవి వాళ్ల వాక్యాల్లాగే ఉండేవి. ఆ విద్య నాకు ఈనాటికీ రాలేదు.

ఆమె జ్ఞాపకశక్తి గురించి చెప్పాలి. విజయనగరంలో ఏదో సభకు వెళ్తే, నెరిసిన జుట్టుతో ఎవరో వచ్చి నమస్కారం పెట్టేవారు. ఆమె ఒక్క క్షణం చూసి, “నీ కతలో ఆ ముసిల్ది గంజి ఒంపేసి తలుపేసుకోకుండా పడుకుంటాది. ఎందుకేసుకోదో ఇప్పటికీ ఆలోసిస్తన్నానురా” అనేవారు. రాసినవాడే మరిచిపోయిన సంగతి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి. మేమంతా ఆమె దగ్గరకు వెళ్లింది అందుకే. మన వాక్యం ఒకరి తలలో భద్రంగా ఉంటుందని.

నేను శ్రీకాకుళంలో ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్ని. నా మొదటి కథ వేసింది ఆమే. ఆ కృతజ్ఞతతో ఆదివారాలు పాసింజర్ ఎక్కి కోటబొమ్మాళి వెళ్లడం మొదలుపెట్టాను. కథలు కంప్యూటర్లో టైపు చేయడం, పేజీలు కట్టడం, శ్రీకాకుళంలో ప్రెస్సు పని, పోస్టు చేయడం, ఒక్కొక్కటే నా చేతికి వచ్చాయి. మొదటి పేజీలో సంపాదకురాలిగా ఆమె పేరు ఉండేది. చివరి పేజీ అడుగున, సన్నటి అక్షరాల్లో, సహకారం అని నా పేరు. నాకేం బాధ లేదు అనేవాణ్ని. నిజంగా లేదా? మొదట్లో లేదు. తరవాత ఎప్పుడు మొదలైందో చెప్పలేను. కొత్త సంచిక చేతికి రాగానే ముందు ఆ చివరి పేజీ అడుగునే చూసుకోవడం ఎప్పుడు మొదలైందో, అప్పుడే మొదలై ఉంటుంది.

ఒక సంచిక సమయంలో ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. ఆపరేషన్‌కు వెళ్లే ముందే, వేయాల్సినవన్నీ ఎంచి కట్టగా కట్టి నాకిచ్చారు. ఎప్పుడూ ఆఖరి పేజీలు తనే చూసేవారు. ఈసారి, “నువ్వే సూసి పంపీయ్. ఈ నెల్లాళ్లూ నీ కళ్లే నా కళ్లు” అన్నారు.

ఆ కట్టలో కూర్మయ్య కథ ఉంది. కూర్మయ్య మా తీరంలోని ఉద్దానం రైతు. తుపానుకు కొబ్బరితోట మొత్తం పోయినవాడు. జీవితంలో మొదటిసారి ఒక కథ రాసి, భుజాన పనసకాయతో బస్సెక్కి వచ్చి, రెండూ ఆమె చేతికిచ్చి వెళ్లాడు. గీతల కాగితాల మీద పెద్ద పెద్ద అక్షరాలు. తోట పోయిన మనిషి ఇంటి ముందు మంచం వేసుకుంటాడు. అలవాటైన నీడ ఉండదు. నీడ కోసం రోజంతా మంచం జరుపుకుంటూ ఉంటాడు. అంతే కథ.

దాన్ని నేను చదివాను. మా ఇంట్లో, మధ్యాహ్నం, భోజనం చేసి కూర్చుని చదివాను. చదివి పక్కన పెట్టాను. హైదరాబాదు వారపత్రిక ఒకటి కథల పోటీ పెట్టింది. దానికోసం నేనొక కథ రాస్తున్నాను. కూర్మయ్య కథ చదివాక నా కథ నాకే చప్పగా అనిపించింది. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. నా కథ మొదటి నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టాను.

పేజీలు ఎలా కట్టేవాణ్నో చెప్తాను. పాత సంచిక ఫైలు తెరిచి, అందులో ఉన్నవాటిని ఒక్కొక్కటే తీసి, కొత్తవి పెట్టేవాణ్ని. అన్నీ మార్చాను. కూర్మయ్య కథ రావాల్సిన చోట మాత్రం పాత కథ అలాగే ఉండిపోయింది. పోటీకి గడువు దగ్గర పడుతోందన్న తొందరలో, మళ్లీ చూడకుండా ప్రెస్సుకు పంపేశాను. వరసగా రెండు సంచికల్లో ఒకే కథ అచ్చయింది.

మరిచిపోయాను. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ కట్టలో మిగతావన్నీ టైపు చేసినవాణ్ని, అదొక్కటే ఎలా మరిచాను? మనసు కొన్నిటిని కావాలనే మరుస్తుందా? ప్రమాణం చేయమంటే ఎటువైపూ చేయలేను. అంతవరకు ఉన్నది పొరపాటే అని మీరు నా తరఫున అనుకున్నా, నేను వద్దనను. ఆ తరవాతది మాత్రం పొరపాటు కాదు.

సంచిక వెళ్లిన కొద్ది రోజులకు, ఒక ఆదివారం, నేను ఆమె ఇంట్లో ఉండగా కూర్మయ్య వచ్చాడు. ఆమె నల్లకళ్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నారు. కూర్మయ్య చేతిలో సంచిక ఉంది. కోపంగా లేడు. సిగ్గుపడుతున్నట్టు ఉన్నాడు.

“అమ్మా, ఇందల నా కత నేదమ్మా. ఊరందరికీ సెప్పుకున్నాను. మా ఇంటిది పుస్తకం అట్టుకుని వీదిలోకి ఎల్లింది. నోపల సూస్తే ఎవలిదో కత. అందరూ నవ్వినారు.”

ఆమె నావైపు తిరిగారు.

“ఒరే, కూర్మయ్య కత కట్టలో ఎట్టేను కదా?”

పెట్టారు. మూడు పిన్నులు గుచ్చి పెట్టారు. ఆ కాగితాలు ఆ క్షణాన శ్రీకాకుళంలో మా ఇంట్లో, నా బల్ల మీద, నా పోటీ కథ చిత్తుప్రతుల కింద ఉన్నాయి. నేనొక్క మాట అనాలి. నేనే మరిచిపోయానండీ అనాలి. అంటే ఏమయ్యేది? ఆమె నాలుగు తిట్లు తిట్టేవారు. కూర్మయ్య తలూపేవాడు. వచ్చే సంచికలో కథ వచ్చేది. అంతకుమించి ఏమీ అయ్యేది కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఎందుకు అనలేకపోయాను?

“లేదండీ టీచరుగారూ,” అన్నాను. “కట్టలో ఆ పాత కథే ఉంది. మళ్లీ వేయాలనుకున్నారేమో అనుకున్నాను.”

“పాత కతా? నేనిచ్చేనా?”

“మీరే ఇచ్చారండీ.”

ఆమె వేళ్లతో చీర అంచు సరిచేసుకున్నారు. నల్లద్దాల వెనక కళ్లు కనబడలేదు. కనబడి ఉంటే ఏమైనా మారేదా? మారేది కాదనుకుంటాను.

“అయితే నేనే ఎక్కడో ఎట్టి మర్సిపోయేను గావాల,” అన్నారు.

“పోనీండమ్మా,” అన్నాడు కూర్మయ్య. “ఆ కాయితాలిచ్చీండి, ఎల్లిపోతాను. దాన్నే ఇంకోపాలి రాసి ఉంచుకోనేదు.”

“మళ్లీ రాయలేవా నాయినా?”

“రాయనేనమ్మా. ఒక్కపాలే వొచ్చినాది అది.”

వెతికి పంపుతానని ఆమె మాటిచ్చారు. అతను వెళ్లాక వెతకడం మొదలుపెట్టారు. కళ్లకు శ్రమ ఇవ్వొద్దని డాక్టరు చెప్పాడని సూర్యారావు గారు బతిమాలారు. వినలేదు. బీరువా తీయించారు. ట్రంకుపెట్టెలు దింపించారు. పాత సంచికల మధ్య, పంచాంగాల మధ్య, బియ్యం డబ్బా వెనక కూడా చూశారు. నేనూ వెతికాను. మీకు అర్థమైందా? నేల మీద ఆమె పక్కన కూర్చుని, దుమ్ము దులుపుతూ, మా ఇంట్లో ఉన్న కాగితాల కోసం ఆమె ఇంట్లో నేను వెతికాను. “ఇందులో లేదండీ” అని ఒక్కో పెట్టె మూసి పక్కకు జరిపాను. ఆమె నాకు మజ్జిగ ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆ కాగితాలు నీళ్లపొయ్యిలో వేశాను. చెమ్మగా ఉన్నాయేమో, వెంటనే అంటుకోలేదు. నిలబడి చూశాను.

అక్కడితో ఆగితే, పిరికివాణ్నని చెప్పుకుని ఊరుకునేవాణ్ని. ఆగలేదు. పత్రికలో రాసే పాతవాళ్లు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, ఒకే కథ రెండుసార్లు వచ్చిందేమిటని అడిగారు. గొంతు తగ్గించాను. “టీచరుగారికి ఈమధ్య కాస్త మతిమరుపు వస్తోందండీ. పైకి అనకండి, బాధపడతారు” అన్నాను. ఎంత దిగులుగా అన్నానంటే, అంటుంటే నాకే దిగులేసింది. నా దిగులును నేనే నమ్మాను. పైకి అనకండి అన్న మాట మా జిల్లాలో ఎంత వేగంగా తిరుగుతుందో నాకు తెలియదా?

తరవాతి సభలో ఎన్నో ఏళ్లుగా తెలిసిన ఒకాయన వచ్చి, “అమ్మా, నేను గుర్తున్నానా?” అని పెద్ద గొంతుతో, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. ఆమె నవ్వి అతని పేరు, ఊరు, అతని కథలో ఒక వాక్యం చెప్పారు. “అబ్బో, బాగానే గుర్తుందే” అన్నాడాయన పక్కవాళ్లతో. ఆమె నవ్వు ఆగిపోయింది. తిరుగు బండిలో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. 

తరవాత్తరవాత అదొక అలవాటయింది నాకు. ఆమె ఏదో మామూలుగా అడిగేవారు, ఫలానా ఆయనకు ఉత్తరం రాశామా అని. “మొన్ననే చెప్పాను కదండీ” అనేవాణ్ని. చెప్పి ఉండేవాణ్ని కాదు. ప్రతిసారీ కాదు, అప్పుడప్పుడు. అంతే సరిపోయేది. ఎందుకు చేశాను? మొదటి అబద్ధాన్ని కాపాడుకోవడానికి అనుకునేవాణ్ని. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ మొదటి పేజీ మీద కన్నుపడిన తరవాత నాకు కారణాలతో పని లేకుండా పోయిందని.

చివరికి ఒక ఆదివారం ఆమే అన్నారు, పత్రిక నువ్వు తీసుకోరా అని. నేను వద్దన్నాను. మళ్లీ అన్నారు. మళ్లీ వద్దన్నాను. మూడోసారి ఒప్పుకున్నాను. శ్రీకాకుళంలో చిన్న సభ చేసి ఆమె చేతుల మీదుగా నాకు శాలువా కప్పించారు. నా మొదటి సంపాదకీయంలో ఆమె సేవను పొగిడి, వయోభారం వల్ల, జ్ఞాపకశక్తి సన్నగిల్లడం వల్ల తప్పుకుంటున్నారని అచ్చేశాను. ఆమె ఫోన్ చేసి బాగా రాసేవన్నారు. ఒక్క కామా కూడా దిద్దలేదు. అంతకుముందెప్పుడూ నేను రాసినదాన్ని దిద్దకుండా వదిలింది లేదు.

ఆమె రాస్తున్న నవల సగంలో ఆగిపోయింది. నిన్న రాసింది ఇవాళ తనదో కాదో నమ్మకం లేదన్నారు. సభలకు రావడం మానేశారు. తిన్నానా అని భర్తను అడిగి నిర్ధారించుకునేవారు. తిన్నారని ఆమెకు తెలుసు. తెలిసిందాన్ని నమ్మొచ్చో లేదో తెలియదు. భర్త ఆమెను విశాఖ తీసుకెళ్లి పెద్ద డాక్టరుకు చూపించారు. అన్ని పరీక్షలూ చేసి ఏ జబ్బూ లేదన్నాడు. సూర్యారావు గారు సంతోషంతో మిఠాయి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆమె మాత్రం, “డాక్టరుకేటి తెలుస్తాది? నేను మర్సిపోయిన సంగతులు నీకు తెలుసు గానీ ఆయనకి తెలీవు కదరా” అన్నారు. మిఠాయి నా నోట్లో ఉంది. నమిలి మింగాను.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పడం అన్నిటికంటే కష్టం.

ఒక వానాకాలం మధ్యాహ్నం వెళ్లాను. సూర్యారావు గారు పడుకున్నారు. ఆమె నన్ను దగ్గరగా కూర్చోమన్నారు.

“ఒక మాట సెప్తాను, నవ్వకు. నా బుర్రలోకి ఒక కత వస్తన్నాది.”

చెప్పడం మొదలుపెట్టారు. “పొద్దుట మంచం తూరుపు పక్కేసినాను. నీడ నేదు. ఉత్తరాన్నేసినాను. నీడ నేదు...” కళ్లు మూసుకుని మొదటి నుంచి చివరి దాకా, కూర్మయ్య మాటల్లోనే, ఎక్కడా తడబడకుండా చెప్పారు. నేను కాల్చేసిన కథ నా ముందు పూర్తిగా నిలబడింది. బయట వాన ఆగిందో పడుతోందో నాకు తెలియలేదు.

“ఇది కూర్మయ్య కతేనని నాకనిపిస్తాది,” అన్నారు. “నువ్వు రాసుకుంటే అతనికి పంపుదుము. కానీ కట్టలో ఎట్టినట్టు అనిపించింది కూడా నిజం కాదు కదా. ఇదీ నా బుర్రే పుట్టిస్తన్నాదేమో. నువ్వా కత ఎప్పుడైనా సూసేవా?”

ఆ ప్రశ్నకు ఔననొచ్చు. ఒక్క ఔనుతో కూర్మయ్యకు కథ దక్కేది, ఆమెకు ఆమె తిరిగి దక్కేవారు. అంత తేలికైన అవకాశం ఎవరికీ రాదు.

“లేదండీ,” అన్నాను. “ఆయన రాసింది ఇది కాకపోతే పాపం బాధపడతాడు.”

“అవున్రా. నిజమే,” అన్నారు. ఇంక ఆ కథ మాట ఎత్తలేదు. నేను తిరుగు బండిలో దాన్ని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. మొదటి రెండు వాక్యాలే వచ్చాయి.

పోయిన చలికాలం ఆమెకు ఛాతీలో కఫం పట్టి శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చారు. నాలుగు రోజులకు పోయారు. కర్మలు అయ్యాక, జ్ఞాపక సంచిక వేయమని అడగడానికి సూర్యారావు గారు నన్ను పిలిపించారు. ఆమె కుర్చీ పక్కనే కూర్చుని, ఆసుపత్రిలో ఆమె నర్సులకు తన చిన్నప్పటి పాఠాలు, ఊళ్ల పేర్లు, పాత విద్యార్థుల పేర్లు ఎలా చెప్పేవారో ఆయన చెప్పారు.

“పోయీ ముందు దేవుడు ఆవిడ బుర్ర ఆవిడకి తిరిగిచ్చేసేడు,” అన్నారు. అంటుంటే ఆయన ముఖంలో సంతోషం లాంటిది కనబడింది.

దాన్ని చూడలేకపోయాను. అక్కడే చెప్పేశాను. కట్ట, పొయ్యి, ఫోన్లు, వాన మధ్యాహ్నం, అన్నీ.  నేను ముగించాక ఆయన ఆమె కుర్చీ చెక్క మీద చెయ్యి వేశారు.

“నేను ఆవిణ్ని పొయ్యి దగ్గిరికి రానిచ్చీవోణ్ని కాదు,” అన్నారు. “బజారుకెల్తే తలుపుకి బయట గెడ ఎట్టుకుని ఎల్లీవోణ్ని. నోపల ఏడిసీది. బుర్ర బాగోనేదు కదా, అలగే ఏడుస్తాది అనుకున్నాను.”

నేను కాళ్లు పట్టుకోబోయాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

“నాకు సెప్పి ఏటి లాభం? ఆవిడకి మతి పోనాదని ఊరూరా సెప్పేవు. ఇదీ ఊరూరా సెప్పు. ఎల్లు.”

ఆయన చెప్పిన పని చేస్తున్నాను. అదీ సగమే. చూశారు కదా, పేరు పెట్టలేదు. పత్రికకు నా రాజీనామా రాశాను గానీ, కారణం దగ్గర ఆరోగ్యం అని రాశాను. కూర్మయ్య ఇంకా ఉన్నాడు. ఉద్దానంలో మళ్లీ మొక్కలు నాటాడని విన్నాను. అతని దగ్గరకు వెళ్లలేదు. రెండు వాక్యాలు పట్టుకుని ఏ ముఖంతో వెళ్లను? నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో, ఆమె లేరు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఇదీ దాచితే ఇంత చెప్పిందీ అబద్ధమవుతుంది. సూర్యారావు గారి దగ్గర నుంచి వచ్చిన ఆ రోజు, ఇంటికి చేరి పడుకోగానే నాకు నిద్ర పట్టింది. ఎన్నో ఏళ్ల తరవాత కలలు లేని నిద్ర. పొద్దెక్కేదాకా లేవలేదు. లేచాక ఒళ్లు తేలిగ్గా ఉంది. కిటికీలోంచి ఎండ పడుతోంది. కాఫీ తాగుతుంటే రుచి తెలిసింది. సగం తాగాక ఆయన గుర్తొచ్చారు. కోటబొమ్మాళిలో, ఆ ఇంట్లో, బయటి గెడ ఉన్న ఆ తలుపు వెనక ఆయన ఒక్కరే ఉన్నారు.